రోడ్డుకి చెప్పకుండా ఎట్టా

గంటకి నాలుగు కిలోమీటర్లు.
దిగువకైతే అయిదు.
కనిగిరి నుంచి ఒంగోలుకి
చందాలకి బయల్దేరింది కాశింపీరా రోడ్డురోలరు.

గవర్నమెంటోళ్ళు వేలంలో పారేస్తే
రిటైరైన డబ్బులు పోసి కొన్నాడంట.
"మనుషులు కుక్కల్ని పెంచుకోరా,
నేను దీన్ని పెంచుకున్నా" అంటాడు.

మేం పదకొండు మందిమి.
వారానికి మూడుసార్లు ఒంగోలు పోయి
రక్తం కడిగించుకొని వచ్చేవాళ్ళం.
తెల్లారుజామున మూడున్నరకి బస్సు.
వచ్చేటప్పుడు నిలబడేదానికి కాళ్ళుండవు,
సీటు అడిగేదానికి నోరుండదు.
మాకో వ్యాను కావాల.
అదీ సంగతి.

నేను లెక్కలు రాసేదాన్ని,
రోలరు వెనక ట్రాలీలో, గొడుగు కింద.
నా ఎడమచేతిలో సూదుల కోసం కలిపి కుట్టిన నరం
రాత్రింబగళ్ళు గుర్రుమంటానే ఉంటది.
ఇంజను మీద ఆ చెయ్యి ఆనిస్తే
ఏది నాదో ఏది దానిదో తెలియలా.

మాల్యాద్రి ఎర్రజెండా పట్టుకొని ముందు నడిచేవాడు.
నడిచి నడిచి, దూరం పోయి,
సుబాబుల్ తోట నీడన ఓ కునుకు తీసి లేస్తే
అప్పుడొచ్చేది రోలరు.

మంగళవారం నేను బస్సెక్కి ఒంగోలు పోయి
నాలుగ్గంటలు మిషను పక్కన పడుకొని
తిరుగు బస్సులో వస్తే
ఇది ఇంకా పొదిలి దాటలా.
సూదిపోటు మీద దూది అదిమి పట్టుకొని
బస్సులో ఒక్కదాన్నే నవ్వా.

ఎండకి తారు కరిగి చక్రానికి అంటుకుంటంటే
కాశింపీరా బోరింగు కొట్టి బిందెలతో నీళ్ళు పోశాడు.
"తాగేదానికి లేక మేం చస్తంటే చక్రానికా?"
ఒకామె మీదికొచ్చింది.
వంగిన మోకాళ్ళు, గారపట్టిన పళ్ళు.
"ఈ నీళ్ళు నువ్వు తాగబాకు తల్లీ.
ఇనుము తాగితే ఏం గాదు."
ఆమె ఇంట్లోకి పోయింది.
కాసేపటికి నూటపదహార్లు తెచ్చి
పుస్తకంలో పేరు మాత్రం రాయొద్దంది.

చీమకుర్తి దగ్గర మా వెనక
నల్లరాయి మోసే లారీలు అరమైలు నిలబడ్డాయి.
హారన్లు. బూతులు.
ఒక డ్రైవరు దిగి కొట్టేటట్టు వచ్చాడు,
డబ్బా మీద రాసింది చదివాడు,
"మా అమ్మ కూడా..." అని మొదలుపెట్టి
మాట అక్కడే వదిలేసి అయిదొందలు వేశాడు.
వెనకున్నోళ్ళ దగ్గర అతనే తిరిగి వసూలు చేసుకొచ్చాడు.

ఆ ఊరి చివర్నే
ఓ పిలగాడు కొత్త తారు మీద రూపాయి పెట్టాడు,
చక్రం కింద ఏమైద్దో చూద్దామని.
బిళ్ళ సాగలా, తారులోకి దిగిపోయింది.
గోళ్ళతో పీకినా రాలా.
తర్వాత ఇంకోడు. ఇంకోడు. పెద్దోళ్ళు కూడా.
"డబ్బాలో వెయ్యండ్రా, డబ్బాలో!" అని
కాశింపీరా పైనుంచి అరుస్తానే ఉండాడు.
నలభై మూడు రూపాయలు.
రోడ్డు ఖాతా, అని రాశా.

ఏడో రోజు ఒంగోలు.
డీజిలు పోను లక్షా పద్ధెనిమిది వేలు.
వ్యాను మూడున్నర లక్షలు.
ఎవరం మాట్లాడలా.
కాశింపీరా రోలరుని పాతినుము కొట్టుకి తోలకపోయి
కాటా మీదికెక్కించి
తాళం చేతిలో పెట్టి
వెనక్కి చూడకుండా వచ్చాడు.
రెండు లక్షల నలభై వేలు.

మాల్యాద్రికి కోపమొచ్చింది.
"అమ్మేదే అయితే మొదటిరోజే అమ్మకపోయావా?
ఏడు రోజులు ఎండలో ఎందుకు నడిపిచ్చినట్టు?"

"ముప్పయ్యేళ్ళు తొక్కిన రోడ్డబ్బా.
దానికి చెప్పకుండా ఎట్టా?"

ఇప్పుడు మూడున్నరకి వ్యాను గుమ్మం ముందుకే వస్తది.
అందరం కళ్ళు మూసుకొని పోతాం.
చీమకుర్తి కాడ మాత్రం ఎవరో ఒకరు లేపుతారు.
లైట్ల వెలుగులో తారు మీద చుక్కలు.
లెక్కపెడతా.
ఎప్పుడూ పన్నెండు దగ్గరే దాటిపోతాం.
వ్యాను వేగం అట్టాంటిది.